వానడవిలో ఆగమన్న చోట

జూలై 14, ఆదివారం

చిరంజీవి చిన్నోడికి,

నాన్న దీవెనలు. కోడలికి కూడా నా ఆశీస్సులు అందించు. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టాలి కదా, మొదలుపెట్టాను. క్షేమం అంటే ఏమిటంటే, నా కుడి మోకాలు వాచింది, మీ అక్కకి జలుబు చేసింది, పెరటి గోడ నెమ్ము దిగి పెచ్చులూడుతోంది. ఇంతకు మించి చెప్పుకోదగ్గ క్షేమం ఈ ఇంట్లో లేదు.

నువ్వు ఈ ఉత్తరం చింపేస్తావేమో తెలియదు. చింపితే చింపు, కానీ చదివి చింపు. నేను నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఏ మగ్గానికి ఏ ముక్క అరిగిందో రాయడం తప్ప వేరే రాత తెలిసిన చెయ్యి కాదిది. అక్షరాలు పక్కకి ఒరిగితే సర్దుకో.

నువ్వు రానన్న ప్రయాణానికి మేమిద్దరం వెళ్ళొచ్చాం. అదే, వానడవికి. నీకు గుర్తుందో లేదో, బడిలో ఏదో పుస్తకంలో బొమ్మ చూసి వచ్చి నా ప్రాణం తీసేవాడివి. మన దేశంలోనే ఉందట నాన్నా, ఎప్పుడూ వాన కురిసే అడవట, పగలు కూడా చీకటేనట అని. వచ్చే సెలవులకి వెళ్దాం అనేవాణ్ణి. సెలవులు వచ్చేవి, మిల్లులో ఎవడో ఒకడు మంచమెక్కేవాడు, వాడి షిఫ్టు కూడా నా నెత్తిన పడేది. తర్వాత నువ్వు అడగడం మానేశావు. మానేసినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే మనసేం బాగుండదు.

మీ అక్క మనిద్దరికీ, తనకీ కలిపి టిక్కెట్లు తీసుకుంది. తండ్రినీ కొడుకునీ ఒక గుడారంలో పడేసి జిప్పు లాగేస్తే పొద్దుటికల్లా మాట్లాడుకుంటారని దాని ఆలోచన. ఆస్పత్రి ల్యాబులో రక్తాలు పరీక్షించే మనిషి కదా, అన్ని జబ్బులకీ ఏదో ఒక పరీక్ష ఉంటుందనుకుంటుంది. నువ్వు రానని చెప్పేశావట. అయితే నేనూ రానన్నాను. మీ ఇద్దరి మధ్యా నేను నలిగి చావాలా అని నా ఎదురుగా నిలబడి మొహమంతా నోరు చేసుకుంది. దాంతో పెట్టుకోలేక బయల్దేరాను.

వ్యాన్‌లో మాతోపాటు ఒక పళ్ళ డాక్టరూ ఆయన భార్యా ఉన్నారు. నీ సీటు ఖాళీగా ఉంటే అక్క దాని మీద సంచి పెట్టింది. నేను తీసి కింద పెట్టాను. ఎందుకో అడక్కు.

దారిలో టీ కోసం ఆపితే నేను దిగలేదు. కిటికీ అద్దంలోంచే అక్కతో మాట్లాడాను, మన మిల్లు భాషలో. మగ్గాల రొదలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు కాబట్టి పెదాలు సాగదీసి, చేతులు తిప్పి మాట్లాడుకోవడం మా అందరికీ అలవాటే కదా. మీ అమ్మది దారపు కండెల షెడ్డు, నాది మగ్గాల షెడ్డు. ఇంటికొచ్చినా అదే అలవాటు. మీరిద్దరూ మాటలు రాకముందే మా పెదాలు చదివేవాళ్ళు. మీకు తెలియకుండా మేం ఏ సంగతీ అనుకోవడానికి ఉండేది కాదు. సరే, డాక్టరు మమ్మల్ని చూసి పాపం మూగవాళ్ళు కాబోలు అని భార్యతో అన్నాడు. అద్దం అవతల, దూరంగా నిలబడి అన్నాడు. తర్వాత, ఈ ముసలాయన అడవిలో మన కొంప ముంచుతాడు చూడు అని కూడా అన్నాడు. ఆయన వ్యాన్ ఎక్కగానే, మీ కొంపకేం ఢోకా లేదు డాక్టరుగారూ అన్నాను. అడవి వచ్చేదాకా ఆయన టోపీ మొహం మీదకి లాక్కుని కూర్చున్నాడు. మీ అక్క తల తిప్పుకుని నవ్వింది. మీ అమ్మ పోయాక అది అలా నవ్వడం నేను చూడలేదు.

అడవి మొదట్లో మా గైడు కలిసింది. నడివయసు మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. ఒక్కో మాటా నోట్లో తిప్పి, తూకం వేసి బయటపెడుతుంది. నాకు నచ్చింది. నడుస్తూ మాట్లాడదు, ఆగి, మా వైపు తిరిగి చెప్తుంది. అలాంటివాళ్ళు ఈ రోజుల్లో తక్కువ.

అడవి ఎలా ఉందో చెప్పమంటావా? ఆకాశం కనపడదు. పైన ఒక పొర చెట్లు, వాటి కింద మరో పొర, దాని కింద మళ్ళీ పొదలు. వాన ముందు పైపొర మీద పడుతుంది. అక్కణ్ణించి ఆకు ఆకుకీ దిగి మన దాకా వచ్చేసరికి పైన వాన ఆగిపోయి కూడా చాలాసేపవుతుందట. అలా ఆగిపోయిన వానలో తడుస్తూ నడిచాం. చెట్ల వేళ్ళు నేల మీద గోడల్లా లేచి ఉన్నాయి. పడిపోయిన మానుల మీద నాచు, నాచులోంచి మొక్కలు. ఏది బతికి ఉందో ఏది కుళ్ళుతోందో చెప్పలేం. చాలా బాగుందని రాయాలనే ఉంది. అందరూ బాగుందనే అన్నారు. నాకు మాత్రం దిగులేసింది. ఇంతింత చెట్లు పుట్టి, పెరిగి, కూలిపోతుంటే చూసే మనిషి కూడా లేడు కదా అనిపించింది. మీ అమ్మ ఉంటే, ఎక్కడికెళ్ళినా నీ ఏడుపు నీదే అనేది.

జలగలు మాత్రం నన్ను వదల్లేదు. మోకాళ్ళ దాకా మేజోళ్ళు తొడిగినా మెడ మీదకి ఎలా వచ్చాయో. డాక్టరుని ఒక్కటంటే ఒక్కటి పట్టలేదు. రక్తం పీల్చే వృత్తివాళ్ళు ఒకళ్ళ జోలికి ఒకళ్ళు వెళ్ళరేమో అన్నాను. ఆయన నవ్వలేదు గానీ ఆయన భార్య పడీ పడీ నవ్వింది.

సాయంత్రం గుడారాల దగ్గరికి చేరేసరికి కీచురాళ్ళు అందుకున్నాయి. అక్క రెండు చెవులూ మూసుకుంది. డాక్టరు భార్య దూది పెట్టుకుంది. గైడు నా ముందుకొచ్చి, పెద్దాయనా మీకేం ఇబ్బందిగా లేదా అని అడిగింది. మగ్గాల షెడ్డులో బతుకంతా తెల్లారినవాడికి ఇదొక రొదా అన్నాను. అందరూ భలే మెచ్చుకున్నారు. నేనూ తలెత్తుకుని కూర్చున్నాను.

తిండి అయ్యాక చీకట్లో నడక ఉందన్నారు. కుళ్ళిన మానుల మీద వెలిగే బూజు ఒకటి ఉంటుందట, దీపాలన్నీ ఆర్పేస్తే గానీ కనపడదట. గైడు లాంతరు ముందు నిలబడి పద్ధతంతా చెప్పింది. చెట్టుకీ చెట్టుకీ మధ్య తాడు కట్టి ఉంటుంది, అది పట్టుకుని ఒకరి వెనక ఒకరు నడవాలి. తను ఆగమంటే ఆగాలి. మధ్య మధ్య పిలుస్తుంది, పిలిచినవాళ్ళు ఉన్నాను అనాలి. సరేనని నేను కూడా తలూపాను. ఊపకుండా ఉండాల్సింది. కాళ్ళు నొప్పులని గుడారంలో పడుకుంటే సరిపోయేది. కానీ డాక్టరు నా వైపే చూస్తున్నాడు. ముసలాయన వెనక్కి తగ్గాడనుకుంటాడని గైడు వెనకే నిలబడ్డాను.

దీపాలు ఆర్పారు. చిన్నోడా, అంత చీకటి ఉంటుందని నాకు తెలియదు. మన ఇంట్లో కరెంటు పోతే వచ్చే చీకటి చీకటే కాదు. నా చెయ్యి నాకు కనపడలేదు. మిల్లులో బెల్టు తెగి మీద పడ్డప్పుడు కూడా వెయ్యని భయం వేసింది. లోకంలో నేను తప్ప ఇంకెవ్వరూ మిగల్లేదనిపించింది. చేతిలో తాడు ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని నడిచాను.

కాసేపటికి, ఇంకా ఎవరినీ పిలవకముందే, డాక్టరు భార్య కాలు బెణికిందని గైడు వెనక్కి వెళ్ళిందట. మమ్మల్ని ఉన్న చోటే ఆగమందట. నేను ఆగలేదు. ముందు ఆ బూజు వెలుగుతూ కనపడింది, పల్చటి పచ్చ వెలుగు. కంటికి ఏదో ఒకటి కనపడిందన్న సంబరంలో తాడు వదిలేసి అటే నడిచాను. అక్కడ వాగు గట్టు ముందురోజు వానకి కోసుకుపోయి ఉంది. నడుం దాకా నీళ్ళలో పడ్డాను. చేతికి ఏదో వేరు తగిలితే పట్టుకున్నాను. నీళ్ళు లాగాయి. వయసులో ఉంటే లెక్కచెయ్యను గానీ నా కాళ్ళకి ఆ లాగుడు చాలు. అక్క వచ్చి చొక్కా పట్టుకుని పైకి లాగింది. మోకాలు రాయికి కొట్టుకుంది. జరిగింది అంతే. అక్క ఇంకోలా చెప్తుంది, నమ్మకు.

గైడు నా మొహం మీద దీపం వేసి బాగా కేకలేసింది. ఆవిడ తప్పేం లేదు. నేను పోతే ఆవిడ ఉద్యోగం పోతుంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మళ్ళీ వాన వచ్చింది. గుడారం గుడ్డ మీద అరచెయ్యి ఆనించి పడుకున్నాను. ప్రతి చినుకూ చేతికి తగులుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది. కానీ మనసు ఊరుకోదు కదా, నీ దగ్గరికే వచ్చింది.

నువ్వు ఆ రోజు ఆస్పత్రి నుంచి ఇంటికి ఫోన్ చేశావు. పుట్టిన పసిదాని ఊపిరి ఆగిపోయిందని చెప్పడానికి చేశావు. మోగి మోగి ఆగిపోతే మళ్ళీ చేశావు, పొద్దంతా చేశావు. నేను ఫోను పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండటం ఎదురింటావిడ కిటికీలోంచి చూసింది. ఆవిడ నీతో చెప్పింది. ఆవిడ అబద్ధమాడలేదు, నేను అక్కడే ఉన్నాను.

తర్వాత నువ్వొచ్చి, నా ఎదురుగా నిలబడి, "మోగుతుంటే కూర్చునే ఉన్నావా నాన్నా?" అన్నావు. కూర్చునే ఉన్నానన్నాను. మిల్లు ఉద్యోగం వదిలేసి వేరే ఊరు వెళ్ళిపోయానని ఇంత కక్షా అన్నావు. నేను కాదనలేదు. నీ కళ్ళలో నేను ఎంత నీచంగా కనపడ్డానో నాకు తెలుస్తూనే ఉంది. అయినా కాదనలేదు. ఎందుకు కాదనలేదో ఇప్పుడు కూడా రాయను. కొన్ని మాటలు బయటపెడితే మనిషి పనికిరానివాడైపోతాడు. దానికంటే కక్షగలవాడనిపించుకోవడమే నయం అనుకున్నాను. అనుకున్నంత నయంగా ఏం లేదు.

ఒక్కటి మాత్రం రాస్తాను. ఆ పసిదాన్ని ఎత్తుకోవాలని నాకు చాలా ఉండేది. మీ అమ్మ దాచిన మెత్తటి నూలు గుడ్డ ఒకటి పెట్టెలోంచి తీసి, ఉతికి, ఆరబెట్టి ఉంచాను. నీకు చెప్పలేదు. అది ఇంకా కుర్చీ వీపు మీదే ఉంది. ఎవరూ తియ్యలేదు, నేనూ తియ్యలేదు. కోడలి మొహం గుర్తొచ్చినప్పుడల్లా నాకు అన్నం సహించదు. ఆ పిల్లకి ఈ మాట చెప్పగలిగితే చెప్పు.

ఫోన్ చెయ్యకు. నాకు ఫోన్లు పడవు. ఉత్తరం రాయి. నాలుగు ముక్కలు చాలు, తిట్లయినా ఫరవాలేదు. రాయడం ఇష్టం లేకపోతే మానెయ్, బలవంతం లేదు. పోస్టుమాన్ వచ్చే వేళకి నేను ఎలాగూ గేటు దగ్గరే కుర్చీ వేసుకుని ఉంటాను.

కోడలినీ, నీ ఆరోగ్యాన్నీ జాగ్రత్తగా చూసుకో.

ఇట్లు,
మీ నాన్న

తా.క. తమ్ముడూ, ఇది నేను, అక్కని. నాన్న కవరు అంటించకుండానే పోస్టు చెయ్యమని ఇచ్చాడు. చదివాను. నమ్మొద్దని ఆయన రాసిన ఆ ‘ఇంకోలా’ ఏమిటో నేను చెప్పకపోతే నువ్వు ఎప్పటికీ నాన్నని తిట్టుకుంటూనే ఉంటావు.

నాన్నకి వినపడదు. తక్కువ వినపడటం కాదురా, అసలేమీ వినపడదు.

ఆ రాత్రి గైడు ఆగమన్నప్పుడు మేమందరం ఆగాం. నాన్న అడుగులు ఆగలేదు. పెద్దాయనా ఆగండి అని గైడు వెనక నుంచి అరిచింది. నాన్నా అని నేను గొంతు పగిలేలా అరిచాను. నేను ఆయన వెనకే ఉన్నాను, చెయ్యి చాపితే అందేటంత దగ్గర. ఆ అడుగులు తడబడను కూడా లేదు. అలా నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడ్డాడు. బయటికి లాగి దీపం వేస్తే ఆయన నా కళ్ళలోకి చూడలేదు, నా పెదాల వైపు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు. ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ ఎదురెదురుగా కూర్చుని తింటూ, ఆస్పత్రిలో పనిచేస్తూ, నాకు అప్పటిదాకా తెలియలేదు. ఎలా తెలుస్తుంది? మనింట్లో మొహం చూడకుండా ఎవరం మాట్లాడాం గనక? గొంతు పెద్దదైతే వయసు చాదస్తం అనుకున్నాను. ఇంటికి తాళం చెవి నాకొకటి చేయించి ఇచ్చింది తలుపు కొట్టినా వినపడదనే అని ఇప్పుడు అర్థమైంది.

గుడారంలోకి వెళ్ళాక నా మొహం మీద నేనే టార్చి వేసుకుని అడిగాను. "నాన్నా, నీకు వినపడటం లేదు కదా?" ఆయన నా చేతిలోంచి టార్చి తీసుకుని ఆర్పేశాడు. ఆర్పేస్తే ఇక నేనేమడిగినా ఆయనకి తెలియదు. అప్పుడు చీకట్లో తనే చెప్పాడు. మిల్లు రొద కొంచెం కొంచెంగా తినేసిందట. అమ్మకి తెలుసట. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఫోనూ తలుపూ ఆవిడే చూసుకునేది. ఆవిడ పోయిన ఏడాదే మిగిలిన కాస్తా పోయింది. మిల్లులో ఇప్పటికీ నాన్న గురించి, మేస్త్రి చెవి పెడితే మగ్గం నిజం చెప్పేస్తుందని అంటారు కదా, ఆయన చెవి పెట్టినట్టు నటించి, కింద నుంచి అరచెయ్యి ఆనించి దాని వణుకుని బట్టి చెప్తున్నాడు. ఈ సంగతి బయటపడితే మిల్లువాళ్ళు ఇంటికి పంపేస్తారు, ఇక తను దేనికీ పనికిరాడు అని భయం. నీకు కూడా చెప్పొద్దని మాట తీసుకున్నాడు. చీకట్లో కాబట్టి నేను సరేనన్నానో లేదో ఆయనకి తెలియదు. నేను అనలేదు.

నువ్వు ఫోన్ చేసిన రోజు ఆయన నిజంగానే దాని పక్కన కూర్చుని ఉన్నాడు. సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పేదాకా ఆయనకి ఏమీ తెలియదు. పసిదాని మాట నేను చెప్తుంటే నా పెదాలు తప్పు చదివాననుకుని, మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అన్నాడు. నాకు విసుగొచ్చి ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా అని కసిరాను.

ఇది చదవగానే ఫోన్ దగ్గరికి పరిగెత్తకు. ఎవరి కోసం మోగించాలి దాన్ని?

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. తెల్లారబోతుంటే, నేను నిద్రపోయాననుకున్నాడో ఏమో, "చిన్నోడి గొంతు ఇప్పుడెలా ఉంటుందే? నాకు వాడి చిన్నప్పటి గొంతే గుర్తొస్తోంది" అన్నాడు. అచ్చం నీ గొంతులాగే ఉంటుంది నాన్నా అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఇంకా చీకటిగానే ఉంది.

నువ్వు రా. వీలైతే మరదల్ని కూడా తీసుకురా. వచ్చి కిటికీ వైపు మొహం పెట్టి ఆయనకి ఎదురుగా కూర్చో. ఏం మాట్లాడతావో నీ ఇష్టం, తిట్టుకున్నా సరే. నెమ్మదిగా, నోరు బాగా తెరిచి మాట్లాడు. ఆయన చూస్తాడు.